పాత టూ-ఇన్-వన్‌కు ఉన్నట్టుండి ప్రాణం పోతే: ఇంట్లోనే తప్పు పట్టుకునే పద్ధతి

"నిన్న రాత్రి దాకా బాగా పాడింది. పొద్దున స్విచ్చి వేస్తే దీపం కూడా వెలగలేదు." రేడియో, క్యాసెట్టు ప్లేయరు ఒకే పెట్టెలో ఉండే పాత టూ-ఇన్-వన్‌లు దాచుకున్నవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఎప్పుడూ ఇదే. నేను ఉండేది చెన్నైలో, పెరంబూరు వైపు. మా చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఈ సెట్లు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. కొన్ని గల్ఫ్ నుంచి మేనమామలు మోసుకొచ్చినవి, కొన్ని బర్మా బజారులో బేరమాడి కొన్నవి, కొన్ని వాయిదాల మీద తీసుకున్న ఫిలిప్స్, బీపీఎల్-సాన్యో సెట్లు. పేరు ఏదైనా లోపలికి కరెంటు వెళ్లే దారి ఇంచుమించు ఒకటే: గోడ సాకెట్టు, తీగ, వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు, ఏసీని డీసీ చేసే డయోడ్లు, ఆ డీసీని నిలకడగా ఉంచే ఒక పెద్ద కెపాసిటరు, చివర స్విచ్చి. ఆ దారి ఎక్కడ తెగిందో వెతకడమే మన పని.

తొందరపడి విప్పకండి. నా బల్ల మీదికి వచ్చిన సెట్లలో చాలావాటికి బోర్డు ముట్టుకునే అవసరమే రాలేదు. విప్పడం వల్ల కొత్తగా పాడైనవి మాత్రం ఉన్నాయి.

ముందు జాగ్రత్త

ట్రాన్స్‌ఫార్మరు దాకా వచ్చేది 230 వోల్టులు. మూత తీసేముందు గోడ స్విచ్చి ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకి తీగను మీ కంటి ముందు పెట్టుకోండి. మల్టీమీటరు ఎప్పుడూ పట్టుకోనివాళ్లు 1 నుంచి 5 వరకు చేసి ఆగిపోవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. సెట్టు నుంచి కాలిన వాసన వచ్చి ఉంటే మళ్లీ ఒకసారి వేసి చూద్దామనే సరదా వద్దు. నేరుగా 6వ అంచెకు వెళ్లండి.

కావలసినవి

- మల్టీమీటరు. చవక రకం చాలు, కానీ తీగ తెగిందో లేదో బీప్ శబ్దంతో చెప్పే సౌకర్యం, డయోడు గుర్తు ఉండాలి.
- పొడవాటి కడ్డీ ఉన్న స్టార్ స్క్రూడ్రైవరు. ఈ సెట్లలో స్క్రూలు లోతైన గుంటల్లో ఉంటాయి, పొట్టిది అందదు.
- పని చేస్తాయని తెలిసిన సెల్లు.
- కాంటాక్టు క్లీనరు స్ప్రే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొంచెం వెనిగరు, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు.
- 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు, హోల్డరు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు.
- 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్, సాల్డరు.
- ఫోను. మాట్లాడటానికి కాదు, విప్పే ప్రతి దశనూ ఫొటో తీసుకోవడానికి.

1. పోయింది కరెంటా, శబ్దమా?

ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడం మొదటి పొరపాటు. డయల్ దీపం వెలుగుతోందా? క్యాసెట్టు పెట్టి ప్లే నొక్కితే చక్రాలు తిరుగుతున్నాయా? స్పీకరుకు చెవి ఆనిస్తే సన్నగా బుస్సుమంటోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కరెంటు అందుతున్నట్టే. అప్పుడు అనుమానం హెడ్‌ఫోను రంధ్రం మీద. దాని లోపలి రేకు చిలుము పట్టి విడిపోతే స్పీకర్లు మూగబోతాయి. ఖాళీ హెడ్‌ఫోను పిన్నును ఓ పదిసార్లు పెట్టి తీయండి.

ఇంకో సంగతి. చాలా సెట్లలో ఆపే స్విచ్చి విడిగా ఉండదు. రేడియో, టేపు అని మార్చే మీట టేపు వైపు ఉంటే అదే ఆపినట్టు, ప్లే నొక్కినప్పుడే లోపలి చిన్న రేకు స్విచ్చి కరెంటు ఇస్తుంది. ఇల్లు తుడిచేటప్పుడు ఎవరి చెయ్యో తగిలి ఆ మీట జరిగిందంటే సెట్టు పోయిందని ఇల్లంతా దిగులు. మీటను రేడియో వైపు జరిపి, స్లీప్ మీట ఉంటే దాన్నీ మామూలు స్థానంలో పెట్టి చూడండి. ఈ ఒక్క మీట కోసం సైదాపేట నుంచి ఆటోలో సెట్టు మోసుకొచ్చిన పెద్దాయన ఉన్నారు. ఆటో ఖర్చు తలచుకుని ఆయనే నవ్వుకున్నారు.

2. గోడ నుంచి సెట్టు దాకా

అదే సాకెట్టులో ఫోను చార్జరో టేబుల్ ఫ్యానో పెట్టి అది పనిచేస్తోందని తేల్చుకోండి. తర్వాత తీగ. ఈ సెట్లకు వచ్చేది ఎక్కువగా 8 అంకె ఆకారపు నోరున్న రెండు రంధ్రాల తీగ. పాత వీసీఆర్లకు, డీవీడీ ప్లేయర్లకు కూడా అదే వాడారు కాబట్టి ఇంట్లో ఇంకోటి దొరకవచ్చు. మార్చి చూడటమే అన్నిటికంటే తేలికైన పరీక్ష. రెండోది లేకపోతే తీగను గోడ నుంచీ సెట్టు నుంచీ పీకి, మీటరును బీప్ దగ్గర పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు చూడండి. చూస్తూనే రెండు చివర్ల దగ్గరా తీగను వంచండి. బీప్ తెగుతూ వస్తుంటే లోపల రాగి తెగింది, కొత్త తీగ కొనండి. టేపు చుట్టి నెట్టుకురావద్దు.

సెట్టు వెనకో అడుగునో వోల్టేజి మీట ఉందేమో చూడండి. గల్ఫ్ నుంచి వచ్చినవాటికి తరచూ ఉంటుంది: ఒకవైపు 110-127, మరోవైపు 220-240. మన దగ్గర అది ఎక్కువ అంకె వైపే ఉండాలి. 110 వైపు జరిగి ఉండగా కరెంటు ఇచ్చి ఉంటే ట్రాన్స్‌ఫార్మరుకు రెట్టింపు అందింది, 7, 8 అంచెలు మీ కోసమే. మీట లేకుండా 100 వోల్టులు అని మాత్రమే రాసి ఉంటే అది జపాన్ లోపల అమ్మిన సెట్టు. దానికి విడిగా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి.

3. సెల్లు వేసి చూడండి

నేను అందరినీ అడిగే మొదటి ప్రశ్న ఇదే, చాలామంది చూడకుండా వదిలేసేదీ ఇదే. పెద్ద సెల్లు 6 వేసే సెట్టుకు 9 వోల్టులు, 8 వేసేదానికి 12, 10 వేసేదానికి 15. పెద్ద సెల్లు కొనడం ఖర్చనుకుంటే, చిన్న సెల్లను పెద్ద సెల్లంత చేసే ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి. పరీక్షకు అవి చాలు.

సెల్లు వేసేముందు కరెంటు తీగను సెట్టు నుంచి కూడా పీకేయండి. ఇది చాలా ముఖ్యం. చాలా సెట్లలో తీగ గుచ్చితే లోపలి రేకు పక్కకు జరిగి సెల్ల దారి తెగిపోయేలా చేశారు. గోడ దగ్గర ఆపి, తీగను మాత్రం సెట్టుకే వేలాడదీసి "సెల్లతో కూడా పాడటం లేదు" అనేవాళ్లు ఎందరో.

ఇప్పుడు ఫలితం చూడండి.

సెల్లతో పాడి కరెంటుతో పాడకపోతే, తప్పు తీగకూ డయోడ్లకూ మధ్యలో ఉంది. శబ్దం పెంచే ఆంప్లిఫయరూ రేడియోనూ బాగున్నాయి కాబట్టి ఊపిరి పీల్చుకోండి.

కరెంటుతో పాడి సెల్లతో పాడకపోతే 4, 5 అంచెలు చాలు.

రెండింటితోనూ లేకపోతే రెండు దారులూ కలిసిన తర్వాతి చోట చూడాలి: స్విచ్చి, బయటి అడాప్టరు పెట్టే డీసీ రంధ్రం, లోపలి ఫ్యూజు, ఆ పైన ఆంప్లిఫయరు.

4. సెల్ల గది

చెన్నై గాలికి ఉప్పెక్కువ. తిరువాన్మియూరు, రాయపురం లాంటి సముద్రం పక్క పేటల నుంచి వచ్చే సెట్లలో స్ప్రింగులు చూడగానే తెలిసిపోతుంది. తెల్లటి పెచ్చు ఉంటే ఆల్కలైన్ సెల్లు కారాయన్నమాట, అది క్షారం. చేతులకు తొడుగులు వేసుకుని వెనిగరులో ముంచిన దూది పుల్లతో రుద్దండి, సన్నగా నురగ వస్తుంది. వెనిగరు లేకపోతే నిమ్మరసం కూడా పనిచేస్తుంది. తర్వాత తడిగుడ్డతో, ఆపైన ఆల్కహాలుతో తుడిచి ఆరనివ్వండి. గరుకు కాగితంతో గట్టిగా గీకితే పైపూత పోయి నెల తిరక్కుండా మళ్లీ తుప్పు పడుతుంది.

స్ప్రింగు మెరుస్తున్నా సెట్టు పలకకపోతే దాని వెనకున్న వైరును అనుమానించండి. కారిన రసం వైరు తొడుగు లోపలికి పాకి రాగిని నల్లగా చేస్తుంది. పైకి వైరు బాగానే కనిపిస్తుంది, కొస కోసి చూస్తే బొగ్గు రంగు. దానికి సాల్డరు పట్టదు. ఎర్రటి రాగి కనిపించేదాకా కోయండి, లేదా మొత్తం వైరు మార్చండి.

5. స్విచ్చులు, రంధ్రాలు

ఉన్నట్టుండి పోయిన సెట్లలో నాకు ఎక్కువగా దొరికే దొంగ ఇక్కడే ఉంటాడు. డీసీ రంధ్రంలోనూ ఓ రేకు ఉంటుంది. ఏమీ గుచ్చనప్పుడు అది మూసుకుని సెల్ల కరెంటును, కొన్ని సెట్లలో ట్రాన్స్‌ఫార్మరు కరెంటును కూడా లోపలికి పంపుతుంది. ఆ రేకు మీద చిలుము పట్టిందా, మంచి సెల్లు ఉన్నా, మంచి తీగ ఉన్నా దీపం వెలగదు.

సెట్టుకు కరెంటు, సెల్లు రెండూ లేకుండా చేసి, అందులో ఇమిడే ఖాళీ ప్లగ్గును పదిహేను ఇరవైసార్లు పెట్టి తీయండి. కొద్దిగా కాంటాక్టు క్లీనరు కొట్టి మళ్లీ అదే చేయండి. రేడియో-టేపు మీటకూ ఇదే వైద్యం: సందులోంచి ఒక చిన్న పిచికారీ, తర్వాత ఇరవై ముప్ఫైసార్లు అటూ ఇటూ జరపడం. పది నిమిషాలు ఆరాక కరెంటు ఇవ్వండి.

కిరసనాయిలు పోయకండి. కొబ్బరి నూనె అసలే వద్దు. రెండూ పోసిన సెట్లు చూశాను. ఆ రోజుకు పనిచేస్తాయి, తర్వాత దుమ్ము అతుక్కుని మీట జిగురులో ఇరుక్కున్నట్టు అవుతుంది. కిరసనాయిలు క్యాసెట్టు వైపు కారితే రబ్బరు బెల్టు కూడా పోతుంది.

ఇక్కడితో చాలామంది పని అయిపోతుంది. కానివాళ్లు స్క్రూడ్రైవరు తీయండి.

6. విప్పడం

సెల్లు తీయండి, తీగ పీకండి. వెనకవైపు స్క్రూలు సాధారణంగా ఆరు నుంచి పది. ఒకటో రెండో సెల్ల గది లోపల, యాంటెన్నా కింద దాగి ఉంటాయి. చాలా సెట్లలో బయట బాణం గుర్తు ఉన్నవే విప్పాలి. అన్నీ తీశాక కూడా మూత రాకపోతే ఇంకో స్క్రూ మిగిలి ఉందని అర్థం. ఆ ప్లాస్టిక్కుకు నలభై ఏళ్లు, లాగితే పగులుతుంది. మూత వచ్చాక దాన్ని అరచేయి వెడల్పు మాత్రమే తెరవండి. స్పీకర్ల వైర్లు, యాంటెన్నా వైరు ఇంకా పట్టుకునే ఉంటాయి. ఫొటో తీశాకే దేన్నయినా విడదీయండి.

ముందు కంటితో, ముక్కుతో చూడండి. ఉబ్బిన కెపాసిటరు, నల్లబడ్డ రెసిస్టరు, ట్రాన్స్‌ఫార్మరు కాలిన వాసన, బోర్డు మీది భాగాల కాళ్ల చుట్టూ సన్నటి వలయంలా పగిలిన సాల్డరు. సెట్టును మోస్తూ తిరిగిన ఇళ్లలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు కాళ్ల దగ్గర ఈ పగులు మామూలే. ఐరన్ పెట్టి కొంచెం కొత్త సాల్డరుతో మళ్లీ కరిగిస్తే సరి.

పెద్ద కెపాసిటరులో కాస్త కరెంటు మిగిలి ఉండవచ్చు. 100 ఓమ్‌ల రెసిస్టరును దాని రెండు కాళ్లకూ కొన్ని సెకన్లు ఆనించండి. స్క్రూడ్రైవరుతో మెరుపులు తెప్పించడం చూసేవాళ్లకు ముచ్చట, బోర్డుకు కాదు.

7. ఫ్యూజు

గాజు గొట్టం ఫ్యూజు కంటికి బాగున్నా మీటరుతో చూడండి, మూత దగ్గర తెగితే కనబడదు. లోపల గాజు నల్లగా లేదా వెండి పూసినట్టు ఉంటే ఎక్కడో పెద్ద షార్టు ఉంది, కొత్తది వేసేముందు 9వ అంచె చూడాలి. తీగ మధ్యలో చిన్నగా తెగి గాజు తేటగా ఉంటే వయసు వల్ల పోయి ఉండవచ్చు. కొన్నిటిలో ఫ్యూజు రెసిస్టరులా కనిపిస్తూ నేరుగా బోర్డుకే సాల్డరు చేసి ఉంటుంది.

దాని మూత మీద ఉన్న అంకెనే కొనండి. 630 మిల్లీఆంపియర్లది పోతే 630దే, 2 ఆంపియర్లది కాదు. ఫ్యూజు చోట రాగి వైరు చుట్టిన సెట్టు ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఎవరు బాగుచేశారో అడగలేదు. పోవాల్సిన చిన్న ఫ్యూజుకు బదులు ట్రాన్స్‌ఫార్మరు మొత్తం మాడిపోయింది.

8. ట్రాన్స్‌ఫార్మరు

తీగను గోడకు గుచ్చకుండా, ప్లగ్గు రెండు కాళ్ల మధ్య ఓమ్‌లు చూడండి. కరెంటు స్విచ్చి ట్రాన్స్‌ఫార్మరుకు ముందు ఉంటే దాన్ని వేసి పెట్టండి. కొన్ని పదుల నుంచి కొన్ని వందల ఓమ్‌లు వస్తే లోపలికి వెళ్లే చుట్ట బాగుంది. మీటరు ఏమీ చూపకపోతే తీగ, ఫ్యూజు మరోసారి చూసుకుని, నేరుగా ట్రాన్స్‌ఫార్మరు కాళ్ల మీద చూడండి. అక్కడా లేకపోతే చుట్ట తెగింది, లేదా చుట్ట మీది పసుపు టేపు కింద దాగిన, ఎక్కువ వేడెక్కితే తెగే థర్మల్ ఫ్యూజు పోయింది.

థర్మల్ ఫ్యూజు మీద డిగ్రీలు, ఆంపియర్లు రాసి ఉంటాయి, అవే కావాలి. సాల్డరు చేసేటప్పుడు దాని కాలును ముక్కు పట్టకారుతో పట్టుకోండి. లేకపోతే ఐరన్ వేడికే కొత్తది కూడా పోతుంది. దాన్ని తీసేసి రెండు కొసలూ కలపడం మాత్రం చేయకండి, ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే.

చుట్టే తెగి ఉంటే కొత్త ట్రాన్స్‌ఫార్మరు కావాలి. 12 వోల్టుల సెట్టు కదా అని 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు కొంటారు, పెద్ద పొరపాటు. 12 వోల్టుల ఏసీ డయోడ్లు, కెపాసిటరు దాటేసరికి దాదాపు 15 నుంచి 17 వోల్టుల డీసీ అవుతుంది. పాతది తీసుకెళ్లి చూపించడమే మేలు. మౌంటు రోడ్డు పక్కన రిచీ స్ట్రీటులో ఓ పెద్దాయన దగ్గర నేను నోటి లెక్కతో అడిగితే, తమిళంలో మొదలుపెట్టిన మనిషి నా ఉచ్చారణ విని తెలుగులోకి దిగారు: "పాతది తేకుండా కొత్తది ఎలా ఇవ్వనయ్యా? పెళ్లికొడుకును చూడకుండా చొక్కా కుట్టమన్నట్టుంది!" అప్పటినుంచి ఆ వీధికి చేతిలో పాత భాగం లేకుండా వెళ్లలేదు.

9. డయోడ్లు, కెపాసిటరు

మీటరును డయోడు గుర్తు మీద పెట్టండి. మంచి డయోడు ఒకవైపు 0.5 నుంచి 0.7 మధ్య అంకె చూపుతుంది, తిరగేస్తే ఏమీ చూపదు. రెండువైపులా బీప్ వస్తే షార్టు. బోర్డు మీద ఉండగా మీటరు తికమక పెట్టవచ్చు, అనుమానం వస్తే ఒక కాలు పైకి లేపి చూడండి. నాలుగింటిలో ఒకటి పోతే నాలుగూ మార్చేయండి, అవి చాలా చవక. చిన్న సెట్లకు 1ఎన్4007 సరిపోతుంది. పాత డయోడ్లు అంతకంటే లావుగా ఉంటే అదే లావువి అడగండి.

కెపాసిటరు మార్చాలంటే మైక్రోఫారడ్లు అంతే, వోల్టులు అంతే లేదా కాస్త ఎక్కువ. గీత ఉన్న కాలు మైనస్. తిప్పి పెడితే పేలుతుంది.

10. సీరీస్ బల్బుతో కరెంటు ఇవ్వండి

బాగుచేసిన సెట్టును నేరుగా గోడకు పెట్టకండి. సాకెట్టుకు వెళ్లే రెండు వైర్లలో ఫేజు వైరును తెంచి మధ్యలో 60 వాట్ల ఫిలమెంటు బల్బు హోల్డరు పెట్టిన చిన్న బోర్డు తయారుచేయించుకోండి. ఏ ఎలక్ట్రీషియనైనా అర గంటలో చేసిస్తారు. సెట్టును దానికి పెట్టి స్విచ్చి వేస్తే:

బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు, వెంటనే ఆపండి. అసలు వెలగక, సెట్టు కూడా పలకకపోతే దారి ఇంకా ఎక్కడో తెగే ఉంది.

షార్టు ఉంటే తీగ పీకి, కెపాసిటరు నుంచి ముందుకు వెళ్లే వైరు ఒకటి విడదీసి మళ్లీ చూడండి. అప్పుడు కూడా బల్బు నిండుగా వెలిగితే తప్పు ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, కెపాసిటరులో. మసకబారితే తప్పు ఆ వైరు తర్వాతి భాగంలో ఉంది. అక్కడ మొదట చూడాల్సింది డీసీ రంధ్రం దగ్గర అడ్డంగా ఉండే ఒంటరి డయోడు. ప్లస్ మైనస్ తారుమారైతే తాను పోయి సెట్టును కాపాడేందుకు పెట్టినది. దాన్ని నా చేతులతోనే ఒకసారి చంపాను. ఇంటర్నెట్ రౌటరు అడాప్టరు 12 వోల్టులే, సెట్టూ 12 వోల్టులే కదా అని గుచ్చాను. ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ భాగం మధ్య పిన్ను ప్లస్. పాత జపాన్ సెట్లలో చాలావాటికి మధ్య పిన్ను మైనస్. రంధ్రం పక్కన చిన్న బొమ్మ ఉంటుంది, నేను చూడలేదు. రెండు రూపాయల డయోడుతో బతికిపోయాను.

ఆ డయోడు బాగుంటే రేకు పలకకు బిగించిన ఆంప్లిఫయరు ఐసీ (చిప్పు) మిగిలింది. దాని మీది అంకె రాసుకోండి. ఎల్ఏ4440 లాంటివి ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి, అరుదైన అంకె అయితే ఓపిక కావాలి. ఐసీ మార్చడం అలవాటు లేకపోతే ఇక్కడ ఆగి మెకానిక్కుకు ఇవ్వండి. ఇంతవరకు చూసింది ఓ కాగితం మీద రాసి ఇస్తే ఆయన పనీ, మీ డబ్బూ తగ్గుతాయి.

11. నిజంగా బాగైందా?

పాట వచ్చిందని వెంటనే మూత బిగించకండి. కెపాసిటరు కాళ్ల మీద డీసీ వోల్టేజి చూడండి. సెట్టు అడుగున రాసిన డీసీ అంకె కంటే కొంచెం ఎక్కువ ఉండవచ్చు, పాట పెంచినప్పుడు సగానికి పడిపోకూడదు. స్పీకర్లో గుంయ్ మనే మోత ఉంటే కెపాసిటరు మార్చే వేళైంది. సీరీస్ బల్బు తీసేసి, మామూలు శబ్దంతో ఒక గంట పాడనివ్వండి. తర్వాత ప్లగ్గు పీకి ట్రాన్స్‌ఫార్మరును ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే, వేలు పెట్టలేకపోతే ఇంకా తప్పు ఉంది. తీగను కదిపి చూడండి, మీటలన్నీ జరిపి చూడండి, తీగ తీసి సెల్లతో ఓసారి, సెల్లు తీసి కరెంటుతో ఓసారి పాడించండి. టేపు చక్రాలు మాత్రమే తిరగకపోతే కంగారు వద్దు. అది కరెంటు తప్పు కాదు, బెల్టు సాగిపోయి ఉంటుంది.

మూత బిగించేటప్పుడు స్క్రూను ముందు ఎడమవైపు తిప్పండి. టిక్కుమని పాత మరలో కూర్చున్నాక కుడివైపు బిగించండి, ప్లాస్టిక్కు తినదు. సెట్టును అటక మీద పెట్టేముందు సెల్లు తీసేయండి.